గాలిలో కూర్చున్న ఇనుము

ఎల్లేశ్‌కు కోపం ఎక్కువ. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఇరవై రెండేళ్ళుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. ఈ ఇరవై రెండేళ్ళలో అతని చేత ఒక్కసారైనా తిట్లు తినని గిరాకీ లేడు. కొలతలు తప్పు రాసుకొస్తే తిడతాడు. గేటుకు మందపు పైపు వేద్దామంటే వద్దు, పలచటిది చాలన్నవాణ్ణి ఇంకా గట్టిగా తిడతాడు. అయినా జనం అతని షాపుకే వస్తారు, ఎందుకంటే అతను పెట్టిన అతుకు ఊడదు. ఆ అతుకు కావాలంటే ఆ నోరు భరించాలని ఊరు ఎప్పుడో రాజీపడింది.

అంతటి ఎల్లేశ్ ఒక్క మనిషి ముందు మాత్రం నోరెత్తడు. ఆ మనిషి అతని అక్క సక్కుబాయి. తల్లి పోయినప్పుడు అతనికి ఆరేళ్ళు, అక్కకు పదహారు. తండ్రి పెద్దచెరువులో చేపలు పట్టేవాడు. పట్టింది ఇంటికి చేరేలోపే సగం కల్లు దుకాణంలో దిగిపోయేది. సక్కుబాయి కంకర మిషన్ దగ్గర రాళ్ళు మోసి తమ్ముణ్ణి సాకింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి దుమ్ముతో ఆమె కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. కాస్త పెద్దయ్యాక తానూ మిషన్ పనికి వస్తానన్న తమ్ముడికి చెంప ఛెళ్ళుమనిపించి, మర్నాడే హయత్‌నగర్ బస్సెక్కించి ఒక వెల్డింగ్ షాపులో పనికి పెట్టింది. ఆ దుమ్ము తానొక్కతే మింగితే చాలంది. తమ్ముడి చేతికి పని వచ్చేదాకా తన పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఆ చెంపదెబ్బే తనకు ఇవాళ అన్నం పెడుతోందని ఎల్లేశ్ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

కిందటేడు ఎండాకాలంలో దివాకర్ అని ఒకడు షాపుకొచ్చాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. సినిమా షూటింగ్ పనని చెప్పి, కాగితం మీద గీసిన బొమ్మ ఒకటి చూపించాడు. ఈ రోడ్డు మీద షాపులకు అలాంటి పనులు కొత్తకాదు. రథం చక్రాలు అడుగుతారు, చేసిస్తారు. మనిషి పట్టే పంజరం అడుగుతారు, చేసిస్తారు. ఎందుకు, ఏమిటి అని అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఎల్లేశ్ కూడా అడగలేదు. ఆ అడగకపోవడమే కొంప ముంచింది.

బొమ్మలో ఉన్నది ఇదీ. నేల మీద బరువైన ఇనుప పలక. దాని మీద నిలువుగా, చూడ్డానికి సాధువు చేతికర్రలా ఉండే పైపు. దాని పై కొస నుంచి మోచేతి దాకా ఒక అడ్డపైపు. అక్కణ్ణుంచి వీపు వెనక్కి వంగి కిందికి దిగి, చివర ఒక చిన్న పీట. పలక మీద తివాచీ పరిచి, అడ్డపైపుకు చొక్కా చేయి తొడిగి, పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని వదులు బట్టలు కప్పుకుంటే చాలు. కర్ర మీద చెయ్యి ఆనించి మనిషి నేలకు మూడడుగుల ఎత్తున గాలిలో కూర్చున్నట్టే ఉంటుంది.

గీసినవాడికి ఇనుము సంగతి తెలియదు. బొమ్మ ప్రకారం చేస్తే మనిషి కూర్చోగానే ఊగుతుంది. ఏం ఫర్వాలేదు, అట్లాగే ఇచ్చెయ్యమన్నాడు దివాకర్. ఊగే పని నా షాపు నుంచి బయటికి పోదని ఎల్లేశ్ వాణ్ణి తిట్టి, మోచేతి మలుపు దగ్గర ముక్కోణపు ప్లేటు ముక్క ఒకటి అదనంగా అతికాడు. అతుకు కనబడకుండా గ్రైండర్‌తో నున్నగా అరగదీశాడు. తరవాత తానే ఎక్కి కూర్చుని, పక్కన చాయ్ హోటల్ నారయ్యను కేకేసి, గాలిలోనే చాయ్ తాగాడు. రోడ్డంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నారయ్య. ఇనుము ఇసుమంత కూడా కదలలేదు. ఎల్లేశ్ ఆ రోజు చాలా సంతోషపడ్డాడు, ఎవర్నీ తిట్టలేదు కూడా.

ఆ వానాకాలంలో సక్కుబాయికి దగ్గు పట్టుకుంది. సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు రోజూ గోలీలు వేసుకోవాలి, ఒక్కరోజు కూడా తప్పకూడదు, మధ్యలో ఆపితే రోగం మందుకు లొంగకుండా మొండికేస్తుంది అని డాక్టరమ్మ ఎల్లేశ్‌ను, సక్కుబాయి కూతురు శివానిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. సక్కుబాయి భర్త పోయి పదేళ్ళు దాటింది. తల్లీకూతుళ్ళే ఉంటారు. శివాని కొంగరకలాన్ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తుంది. పొద్దున పోయేముందు తల్లి చేతిలో గోలీలు పెట్టి పోయేది.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. అయితే ఆ గోలీలు తేలిగ్గా దిగేవి కావు. వేసుకోగానే కడుపులో దేవినట్టయ్యేది. ఒంటేలు ఎర్రగా వచ్చేది. అది మందు రంగే, భయం లేదని డాక్టరమ్మ చెప్పినా, తన నెత్తురే పోతోందని సక్కుబాయి అనుమానం. దానికి తోడు వాడలో ఆడవాళ్ళు ఆమె వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. పెళ్ళికి పోతే ఆమెకు వేరే కుర్చీ వేసేవారు. నలభై ఏళ్ళు ఊరి ఇళ్ళకు కంకర మోసిన మనిషికి ఊరు చేసిన మర్యాద అది. ఎల్లేశ్ ఆ ఆడవాళ్ళ మొగుళ్ళందర్నీ పేరుపేరునా తిట్టొచ్చాడు. ఏం లాభం. వాళ్ళు కొంగులు తీయలేదు.

ఒకరోజు పొద్దున శివాని ఏడుస్తూ ఫోన్ చేసింది. బియ్యం డబ్బా అడుగున గోలీలు దొరికాయట. ఒకటీ రెండూ కాదు, మూడు వారాలవి. ఎల్లేశ్ వెలుగుతున్న వెల్డింగ్ అట్లాగే ఆపేసి, బండి వేసుకుని పోయాడు.

సక్కుబాయి అరుగు మీద కూర్చుని ఉంది. దొరికిపోయానన్న జంకు ఏమీ లేదు, మొహం కళకళలాడుతోంది. కానీ మెడ కింద ఎముకలు బయటికొచ్చాయి. తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, తనకో స్వామి దొరికాడని మెల్లిగా చెప్పింది. కొంగరకలాన్ దాటినాక కొత్త వెంచర్‌లో ప్రతి గురువారం దర్శనమిస్తాడట. భూమిని తాకకుండా గాలిలో కూర్చుంటాడట. అక్కడ ఎవరూ ఆమెను దూరం కూర్చోమనలేదు. అందరూ ఒకే చాప మీద, ఒకరి భుజం ఒకరికి తగిలేలా కూర్చున్నారు. గోలీల బరువు దిగితేనే ఒళ్ళు పైకి లేస్తుందని స్వామి చెప్పాడు.

"పనిజేస్తుంది తమ్మీ. నా రైకలన్ని వదులైనయ్. ఒళ్ళు తేలికైతుంది," అంది సక్కుబాయి.

ఎల్లేశ్‌కు ఆ మాటకు ఏడుపొచ్చింది. రోగం మనిషిని లోపల్నుంచి తినేస్తుంటే, అదే మహిమని మురిసిపోతోంది. ఆ స్వామి ఎవడో చూపించమంటే ఆమె ఫోన్‌లో వీడియో చూపించింది. కాషాయం కట్టి, కళ్ళు మూసి, కర్ర మీద చెయ్యి ఆనించి గాలిలో కూర్చున్నాడు స్వామి. ఎల్లేశ్ చూపు స్వామి మొహం మీద ఒక్క క్షణం కూడా నిలవలేదు. మోచేతి దగ్గరికి పోయింది. అక్కడ కాషాయపు చొక్కా చేయి మూడు మూలలుగా పొడుచుకొచ్చి ఉంది. ప్రపంచంలో ఇంకెవరు చూసినా అది బట్ట మడత అనుకుంటారు. దాన్ని అరగదీసిన చేతులకు మాత్రం తెలుసు.

అరికాలి మంట నెత్తికెక్కింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. బొమ్మ ప్రకారం చేసిచ్చి ఉంటే ఆ దొంగ మొదటి గురువారమే ఊగి కిందపడి పళ్ళూడగొట్టుకునేవాడు. ఎల్లేశ్ పనితనమే వాణ్ణి కదలకుండా నిలబెట్టింది. నిలబెట్టి, ఎల్లేశ్‌ను పెంచి నిలబెట్టిన అక్కనే బలిపెడుతోంది.

అది తాను చేసిన ఇనుమేనని అక్కకు చెప్పాడు. పలక ఎక్కడుంటుందో, పైపు ఎక్కడ వంగుతుందో, పీట ఎంత వెడల్పో బొగ్గుముక్కతో అరుగు మీద గీసి చూపించాడు. ఆమె ఓపిగ్గా అంతా విని, నువ్వు చేసింది కుర్చీ, ఆయన కూర్చునేది గాలిలో అంది. జీవితంలో మొదటిసారి ఎల్లేశ్ అక్క మీద అరిచాడు. నీకు బుద్ధుందా అన్నాడు. ఆమె కొంగు సరిచేసుకుని లోపలికి పోయింది. ఆ వారమంతా అతను రోజూ వెళ్ళి గోలీలు ముందు పెట్టడం, బతిమాలడం, అరవడం, ఆమె పళ్ళు బిగబట్టుకుని గోడకేసి తిరగడం, అంతే. శివాని అన్నంలో కలిపి పెట్టబోతే ఆమె అన్నమే మానేసింది.

సాక్ష్యం కావాలనుకుని ఎల్లేశ్ నారయ్య దగ్గరికి పోయాడు. ఆ ఇనుము మీద తాను కూర్చుంటే చాయ్ గ్లాసు అందించింది నారయ్యే కదా, వచ్చి అక్కకు ఒక్క మాట చెప్పమన్నాడు. నారయ్య గ్లాసులు కడగడం ఆపి తల గోక్కున్నాడు. కిందటి రెండు గురువారాలు అతను కూడా స్వామికి పాలు పట్టుకుపోయాడట.

"అది వేరే అన్నా. నువ్వు కూసుంటే ఇనుము మీద కూసున్నట్టే ఉండె. ఆయన కూసుంటే గట్ల లేదు," అన్నాడు.

కళ్ళతో చూసినవాడు, చేత్తో గ్లాసు అందించినవాడు అన్న మాట ఇది. ఇక తెలియనివాళ్ళను ఏమనాలి. ఎల్లేశ్ వాణ్ణి కొట్టలేదంటే, తన చేతిలో వేడి చాయ్ ఉండబట్టే.

గురువారం వచ్చింది. ఎల్లేశ్ జేబులో పంతొమ్మిది నంబర్ పానా పెట్టుకుని బయల్దేరాడు. పీటను పైపుకు బిగించిన రెండు బోల్టులకు అదే పడుతుంది. నిరుటిదాకా జొన్న పండిన చేలలో ఇప్పుడు రంగు వేసిన రాళ్ళు పాతి ఉన్నాయి. స్వామి తేలిన నేల అని చెప్పి ప్లాట్లు అమ్ముతున్నారని దారిలో కట్టిన బ్యానర్లు చూశాక గాని ఎల్లేశ్‌కు దివాకర్ వ్యాపారమేమిటో అర్థం కాలేదు. షెడ్డు నిండా జనం. ముందు వరుసలో సక్కుబాయి, పక్కన పట్టుచీర కట్టిన ఎవరో ఆవిడ భుజానికి భుజం ఆనించి కూర్చుని ఉంది. స్వామి మూడడుగుల ఎత్తున, కదలకుండా, ఎల్లేశ్ చేతిపని మీద కూర్చుని ఉన్నాడు.

ఎల్లేశ్ జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కాడు. ఇద్దరు కార్యకర్తలు రెక్క పట్టుకోబోయారు గాని, ఇరవై రెండేళ్ళు ఇనుము ఎత్తిన రెక్క అది, దొరకలేదు. ముందు తివాచీ లాగాడు. పలక బయటపడింది. తరవాత స్వామి చొక్కా చేయి పట్టుకుని మోచేతి దాకా చింపాడు. పైపు, మలుపు, ముక్కోణపు ముక్క, అన్నీ పట్టపగటి వెలుతురులో కనబడ్డాయి. స్వామి ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు.

"ఇనుము ఇది. నేను జేసిన. సాగర్ రోడ్డు మీద నా షాపుల, ఈ చేతులతోటి జేసిన. చూడుండ్రి," అన్నాడు ఎల్లేశ్.

షెడ్డులో తలలన్నీ ఆ ఇనుము వైపు తిరిగాయి. అయిపోయింది, గెలిచానని అనుకున్నాడతను. అప్పుడు ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ లేచి, కర్ర పొడుచుకుంటూ వేదిక దగ్గరికొచ్చింది. చెయ్యి చాపి పైపును తాకింది. ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. తరవాత ఎల్లేశ్ చెయ్యి పట్టుకుని, దాన్నీ కళ్ళకద్దుకుంది.

వేదిక పక్కనే నిలబడి ఉన్న దివాకర్‌కు అంతకంటే ఏం కావాలి. మైకు అందుకుని, స్వామివారి ఆసనం చేయడానికి ఈ ఊళ్ళోనే పుట్టిన పుణ్యాత్ముడు ఈయనే, నిజం మీ ముందు తానే ఒప్పుకున్నాడు, స్వామివారు ఇంతమందిలో ఈ చేతుల్నే ఎంచుకున్నారు అన్నాడు. ఆ మాటతో జనం లేచారు. ఎల్లేశ్ ఇనుమని అరుస్తూనే ఉన్నాడు. అవును, ఇనుమే, అయితే ఏం, దేవుడు రాయిలో ఉంటాడు, ఇనుములో ఉండడా అని వాళ్ళూ అంటూనే ఉన్నారు. ఒకావిడ అతని మణికట్టుకు కుంకుమ రాసింది. ఇంకొకావిడ బిడ్డ నెత్తి మీద అతని అరచెయ్యి పెట్టించుకుంది. పానా ఎక్కడో జారిపడింది, ఎవరి కాళ్ళకిందో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. వీళ్ళు చెవిటివాళ్ళు కారు, అంతా విన్నారు. విని, ఆ నిజానికే పసుపు కుంకుమ పూశారు.

అన్నిటికంటే ఘోరం, సక్కుబాయి లేచి నిలబడి ఉంది. ఏడుస్తోంది. తమ్ముడికి రెండు చేతులూ ఎత్తి దండం పెడుతోంది.

ఎల్లేశ్ ఇంటికెట్లా వచ్చాడో అతనికే గుర్తులేదు. పంపు కింద కూర్చుని చేతులు సబ్బుతో, ఇసుకతో, కడకు ఇనుము తోమే వైరు బ్రష్షుతో తోముకున్నాడు. చర్మం లేచింది గాని కుంకుమ గోళ్ళలోంచి పోలేదు. మర్నాడు షాపు తెరిచేసరికి ఇద్దరు ముగ్గురు అతని చేత్తో ఇనుప కడియం చేయించుకుంటామని వచ్చి నిలబడ్డారు. సుత్తి పుచ్చుకుని తరిమాడు.

మధ్యాహ్నం షిఫ్టు మానుకుని శివాని షాపుకొచ్చింది. బ్యాగులోంచి గోలీల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున తల్లి నెత్తురు కక్కిందని చెప్పింది. దవాఖానకు రమ్మంటే రాలేదట. కానీ మా తమ్ముడి చేతిలో స్వామి ఉన్నాడు, వాడొచ్చి నా తల మీద చెయ్యి పెడితే చాలు అన్నదట.

"నువ్వియ్యి మామా. నీ చేతితోటి ఇస్తే ఏసుకుంటది. స్వామి పంపిండని చెప్పు," అంది శివాని.

ఎల్లేశ్ మేనకోడలి మీద విరుచుకుపడ్డాడు. నన్ను కూడా ఆ దొంగల్లో కలుపుతావా, వాడు చెప్పింది అబద్ధమని గొంతు చించుకున్నవాణ్ణి వాడి పూజారిని చేస్తావా, ఇంతకంటే ఆ ఇనుము కిందపడి నేనే చావడం నయం అని, నోటికొచ్చినన్ని మాటలన్నాడు. శివాని తలవంచుకుని అన్నీ వింది. ఆయాసంతో అతను ఆగినప్పుడు, ముందు అమ్మను బతకనీ మామా, తరవాత అన్నీ చెబుదాం అంది. ఎల్లేశ్ గోలీల పొట్లం తీసి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం పోయాడు. స్వామి పంపాడని చెప్పి అక్క చేతిలో గోలీలు పెట్టాడు. ఆమె గుటుక్కున మింగింది. వారం రోజులు అరిచినా, బతిమాలినా తెరుచుకోని నోరు అంత తేలిగ్గా తెరుచుకుంది. అతను బయటికొచ్చి గోడను గుద్దాడు. మర్నాడు దవాఖానకు కూడా స్వామి ఆజ్ఞ అనే చెప్పి తీసుకుపోయాడు. మళ్ళీ పరీక్షలు చేశారు. రోగం ఇంకా మందుకు లొంగేలానే ఉందని, పోయిన రోజులు కూడా కలిపి వేసుకోవాలని, ఈసారి ఎదురుగా నిలబడి మింగించాలని డాక్టరమ్మ చెప్పింది. అంత గట్టిగా చెప్పినా ఎట్లా వదిలేశారని కోప్పడింది కూడా.

అప్పట్నుంచి రోజూ పొద్దున షాపు తెరవకముందే అక్క ఇంటికి పోతాడు. ఆమె స్నానం చేసి, బొట్టు పెట్టుకుని ఎదురుచూస్తుంటుంది. అతని చేయి తన తల మీద పెట్టించుకుంటుంది. గోలీలు దోసిట్లో పట్టుకుని కళ్ళకద్దుకుని మింగుతుంది. మెల్లిగా బుగ్గలు నిండాయి, దగ్గు తగ్గింది. అదంతా స్వామి చలవేనని వాడలో అందరూ చెప్పుకునేవారు. ఎల్లేశ్ ఆ మాట విన్నప్పుడల్లా దవడలు బిగించుకుని వచ్చేసేవాడు. ఆ కోపం షాపుకొచ్చిన గిరాకీల మీద పడేది. ఆ రెండు నెలలు ఆ రోడ్డు మీద గేటు చేయించుకున్నవాళ్ళ గతి ఎవరికీ రాకూడదు.

ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక స్వామి ఆ వెంచర్ నుంచి లేచిపోయాడు. తుక్కుగూడ వైపు ఇంకో వెంచర్‌లో తేలుతున్నాడని చెప్పారు. సక్కుబాయి కూడా విన్నది. రెండు మూడు రోజులు ఏదో ఆలోచిస్తూ ఉండిపోయింది.

ఒకరోజు పొద్దున ఆమె గోలీల కోసం దోసిలి పట్టలేదు. తమ్ముడి మొహంలోకి చూసింది. ఇంకా ముప్ఫై రెండు రోజుల మందు మిగిలి ఉంది.

"నిజం చెప్పు తమ్మీ. నీ మాటే నమ్ముత. ఆయన గాలిల తేలుతడా?" అంది.

ఇన్నాళ్ళూ అతను అడగమని మొత్తుకున్న ప్రశ్న అది. నమ్ముతానని కూడా అంటోంది. నమ్మితే ఆ మూర్ఖత్వం అంతా ఈ అరుగు మీదే ఇప్పుడే కూలిపోతుంది. కానీ దాంతోపాటు ఈ చేతి మీద నమ్మకం కూడా పోతే? రేపు పొద్దున ఎవరి చేతి గోలీ మింగుతుంది? అక్క కళ్ళలోకి చూడలేక ఆమె పాదాలకేసి చూశాడు.

"తేలుతడక్కా," అన్నాడు.

సక్కుబాయి దోసిలి పట్టింది.